ఆరు పేర్ల ట్రే

బస్సు రైలు గేటు ముందు ఆగి పన్నెండు నిమిషాలైంది. ఆగిన బస్సు బస్సు కాదు, బస. అందులోవాళ్లు అప్పుడే చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, ఎవరి మూట వాళ్లు విప్పుకుని కాపురాలు మొదలుపెట్టేశారు. కిటికీ పక్కన కూర్చున్న పెద్ద సిస్టరు మాత్రం ఏ మూటా విప్పలేదు. ఆమె ఒళ్లో సంచీ, సంచీలో పొద్దున్నే ఊరి అవతలి ఆఫీసుకి వెళ్లి ముద్ర వేయించుకొచ్చిన నర్సు లైసెన్సు, ఇంకో అయిదేళ్లపాటు జనానికి మందులు ఇవ్వడానికి ఈమె తగునని ఎవరో నమ్మి సంతకం పెట్టిన కాయితం. ముందు సీట్లో ముగ్గురు ఆడపిల్లలు. వాళ్లమ్మ రసం సీసా ఒకటి కొని, మూడు స్ట్రాలు దూర్చి, ఎర్రది పెద్దదానిది, పచ్చది నడిపిదానిది, తెల్లది చిన్నదానిది అని పంపకాలు చేసి కునుకులోకి జారుకుంది. స్ట్రాలు మూడున్నాయి కనక రసాలూ మూడున్నాయని చిన్నది నమ్మింది. నాది నేను తర్వాత తాగుతానని తెల్ల స్ట్రా కొన మీద వేలు మూతపెట్టి, గేటు కేసి చూస్తూ కూర్చుంది. తీరా వేలు తీసి పీలిస్తే గరగరమని గాలి. అది ఏడవలేదు, అడిగింది: "నాది నేను ముట్టుకోనే లేదుగా, ఎలా అయిపోయింది?" పెద్ద సిస్టరుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి, పళ్లకి తగిలి, అక్కడే గడ్డకట్టింది. స్ట్రాలు మూడు, సీసా ఒకటి. పేర్లు ఆరు. లిస్టు? లిస్టు ఎన్ని? ఆరు అని రాశాను కదా. ఆరు అనే రాశాను. ఆరు అని రాసినంత మాత్రాన ఆరవుతాయా.

పన్నెండూ అయిదు. డోసు పన్నెండున్నరకి, కొత్త ప్రోగ్రాము చీటీలతో మొదటి డోసు.

పదిరోజుల కిందట కంప్యూటరు ప్రోగ్రాములో రాసిన వాక్యం కళ్ల ముందుకొచ్చి, వీధి చివర బోర్డులా నిలబడింది. అర్రే డాట్ న్యూ, ఆరు, కామా, ఖాళీ లిస్టు. ఆరుగురు రోగులకి ఆరు ఖాళీ లిస్టులు కావాలి, ఆరుసార్లు రాయడం దండగ, ఒక్క ముక్కలో అడిగేద్దామని అడిగింది. ఆ కంప్యూటరు భాష, రూబీ, ఇచ్చింది, మారు మాట్లాడకుండా ఇచ్చింది. అడిగింది అడిగినట్టే ఇచ్చేవాళ్లని చూస్తేనే భయపడాలని ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగంలో తెలుసుకోలేదా తను? ఆరు ట్రేలు తెమ్మంటే స్టోరువాడు ఒకే ఒక్క స్టీలు ట్రే తెచ్చి, దాని అంచు చుట్టూ ఆరు పేర్లు అంటించి, ఇదిగో మీ ఆరు ట్రేలు అని బల్ల మీద పెట్టి వెళ్లిపోతే ఎలా ఉంటుందో అలా. రోగుల్లో ఒకడైన డ్రైవరు పేరున రెండు బిళ్లలు వేస్తే ఆ ట్రేలోకే, టైలరమ్మ పేరున ఒకటి వేస్తే ఆ ట్రేలోకే, బేకరీ ఆయనవి రెండూ ఆ ట్రేలోకే. ఎవరి పేరు పిలిచినా వచ్చేది ఆ ఒక్క ట్రేయే, అందులో అందరివీ కలిపి తొమ్మిది. తొమ్మిది బిళ్లలు, ఆరు చీటీలు, ప్రతి చీటీలోనూ తొమ్మిదీ. నిన్న సాయంత్రం డ్రైవరు ఒక్కడివి ఎక్కించి అచ్చు తీసి చూసింది తను, రెండు వేస్తే రెండే వచ్చాయి, ముచ్చటపడిపోయింది. ఒక్క మనిషితో పరీక్షిస్తే ఏ ఇల్లయినా విశాలమే. మిగిలిన అయిదుగురివీ ఎక్కించాక ఇంకోసారి అచ్చు తీద్దామా అనుకుని, కాయితం దండగ అనుకుంది. ఆపరేషనయ్యాక కోలుకునేవాళ్లు ఉండే ఆరు మంచాల ఇల్లు అది, అక్కడ దూది దండగ కావచ్చు, కట్టు దండగ కావచ్చు, కాయితం దండగని ఎవరు చెప్పారు నీకు? ఇంతటితో ఊరుకుందా. పాత చేతిరాత కార్డులుంటే రెండు పద్ధతులై గందరగోళమని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఈ సంచీలోనే ఉంది, లైసెన్సు కింద, ఇదిగో, గుడ్డలోంచి వేళ్లకి తగులుతోంది.

ఫోను తీసి, అక్కడ డ్యూటీలో ఉన్న చిన్న సిస్టరుకి చేసింది. మోగింది, మోగింది, మోగి ఊరుకుంది. మోగదా మరి? పన్నెండు నుంచి రెండు దాకా విశ్రాంతి వేళ, ఉద్యోగులవీ రోగులవీ ఫోన్లన్నీ హాల్లో సొరుగులోకి పోవాలి, ఈ రూలు పెట్టిన మహానుభావురాలెవరు? తనే. గోడకి అట్ట మీద పెద్దక్షరాలతో రాసి అంటించిందీ తనే. అయిదు నిమిషాల ముందు ఆ పిల్ల రసం తాగి ఉంటే, అయిదు నిమిషాల ముందు తనకి బుద్ధి వచ్చి ఉంటే. ఇంటి ఫోనుకి చేసింది. ఎంగేజ్డు. మళ్లీ చేసింది. ఎంగేజ్డు. టైలరమ్మ. మోకాలి ఆపరేషనై నాలుగో మంచం మీదున్న టైలరమ్మ, తన ఫోను సొరుగులో పడ్డాక హాల్లో ఉన్న ఇంటి ఫోను మీద వాలి, కొట్లో ఉన్న పనివాడికి కాలరు ఎంత, కఫ్ ఎంత అని రోజూ గంటసేపు కొలతలు చెప్పుకుంటుంది, పోనీలే పాపమని వదిలేసిందీ తనే. తన రూలు, తన దయ, రెండూ కలిసి తలుపు బయట గొళ్లెం పెట్టాయి. పెద్దాసుపత్రికి చేస్తే ఆపరేటరు ఎంతో మర్యాదగా మాట్లాడాడు, డాక్టరుగారు థియేటర్లో ఉన్నారండి, సాయంత్రానికి గానీ రారండి అన్నాడు. ఆరు మంచాల ఇంటికి ఎవర్నయినా పరుగెత్తించండి, మందులు ఆపమనండి, తొందరండి, ప్రాణాలండి అంటే, కంగారు పడకండి, "చీటీ రాసి ట్రేలో పెడతానండి" అన్నాడు. ట్రే అన్న మాటకి ఆమె ఫోను పెట్టేసింది.

అక్కేమో చిట్టీ అని పిలిచేది. చిట్టికి చీటీల పిచ్చని ఏడిపించేది. లోకానికంతటికీ సిస్టరే ఈవిడ, డ్రైవరుకీ సిస్టరే, డాక్టరుకీ సిస్టరే, ఎనభయ్యేళ్ల సంగీతం మాస్టారుకీ సిస్టరే; ఒక్క మనిషికి మాత్రం నిజంగా చెల్లెలు. ఇరవై ఆరేళ్లు ప్రోగ్రాములు రాసిన మనిషి అక్క. ఉద్యోగం మానేశాక, చేతులు ఊరుకోక, చెల్లెలికి నేర్పుతానని కూర్చుంది. సిస్టరుకి సిస్టమెందుకే అంటే, చీటీలు రాసి రాసి నీ వేళ్లు వంకర్లు పోతున్నాయి, నర్సు చేతికి కర్సరిస్తానంది. రూబీ అంటే కెంపుట. నలభై ఎనిమిదేళ్లకి నాకు నగ చేయిస్తున్నావా అని తనంటే, మొదట్లో నగే, నెల తిరిగేసరికి పగ అంది అక్క. వంటింటి బల్ల, దాని మీద ల్యాప్‌టాప్, పక్కన పంచదార డబ్బా, ఉప్పు డబ్బా, కాఫీ డబ్బా. మొదటి నెలంతా తను మూడొందల నలభై వరసలు పైనుంచి కిందికి ఏకధాటిగా రాసింది, రోగుల పేర్లు, మందుల పేర్లు, వేళలు, అచ్చుతీత, అన్నీ ఒకదాని మీద ఒకటి. అక్క కళ్లజోడు పైకి తోసి చదివి, "ఇది ప్రోగ్రాము కాదే చిట్టీ, ఊరంతా ఒకే గదిలో కాపురమున్న గ్రామం" అంది. అప్పట్నించి ఇళ్లు కట్టడం నేర్పింది. క్లాసంటే అచ్చు, ఆబ్జెక్టంటే ఆ అచ్చులోంచి పుట్టింది. ఆబ్జెక్టంటే కోర్టులో లాయరు లేచి అరిచేదా అని తను అడిగితే అక్క నవ్వి, అదీ నిజమే, దాని లోపల నువ్వు చెయ్యి పెడితే అది లేచి అరవాలి, అరవలేదూ, నువ్వు సరిగ్గా కట్టలేదన్నమాట అంది. రోగికి తన మందులు తెలియాలి, మందుకి తన వేళ తెలియాలి, చీటీకి అచ్చవడం తప్ప మరేమీ తెలియకూడదు, తెలియకూడనిది తెలియకపోవడం కూడా తెలివే. పంచదార కావాలంటే డబ్బాని అడుగు, మూత తీసి చెయ్యి పెట్టకు. "చెయ్యి పెట్టకు, అడుగు." రోజుకి పదిసార్లు అనేది. ఎవరి గిన్నె వాళ్లు పుట్టేటప్పుడే తెచ్చుకోవాలి, బయట నువ్వు గిన్నెలు కొని పంచకు అనేది. తనేం చేసింది? బయట కొంది. పంచింది. ఆరు గిన్నెలు, ఒక్క ముక్కలో, చవకగా.

ఈత పిల్ల భుజానికి నీలం బిళ్ల. టైలరమ్మకి ఆకుపచ్చది. డ్రైవరుకి గుండ్రటి తెల్లది, గులాబీ గొట్టంబిళ్ల. సంగీతం మాస్టారుకి ఆవగింజకి అన్నల్లాంటి చిన్న తెల్లవి రెండు. బేకరీ ఆయనకి పొడుగు తెల్లదొకటి, ఎర్రదొకటి. ఆరో రోగి అక్కే, ఆమెకి పసుపుపచ్చటి అర ముక్క. తొమ్మిది. కళ్లు మూసుకున్నా కనిపిస్తున్నాయి, రంగు రంగులుగా, పిల్లలు ఆడుకునే గోళీల్లా, వాటిల్లో ఎర్రది మాత్రం కదలకుండా మధ్యలో కూర్చుని ఇటే చూస్తోంది. బేకరీ ఆయన కాలి నరంలో గడ్డ కట్టింది కనక ఆయన రక్తం పల్చబడాలి, దానికా ఎర్ర బిళ్ల. అక్క తలలో నరం చిట్లింది కనక ఆమె రక్తం పల్చబడకూడదు. ఒకరికి ప్రాణం పోసేది ఇంకొకరి ప్రాణం తోడేది, మధ్యలో రెండు గోడలు, మూడు తలుపులు, ఒక చీటీ. అక్క తల స్కాను ఫిల్ము వెలుతురుకి ఎత్తి పట్టుకుని డాక్టరు చూపించాడు, ఇదిగో ఇక్కడ కారింది, ఆగింది, ఇంకొక్క చుక్క కారిందంటే, అని ఆగాడు. డాక్టర్లు ఎక్కడ ఆగుతారో అక్కడే అసలు వాక్యం ఉంటుంది, అది నర్సులకి తెలుసు. ఒక్క బిళ్లకి ఏమీ కాదేమో. సగానికి సగం మందికి ఏమీ కాదు. ఈ సగంలో ఎటువైపు పడుతుంది? తన ఉద్యోగంలో ఎన్నిసార్లు ఎంతమంది చుట్టాలకి చెప్పింది, ఒక్కదానికి ఏమీ కాదులెండి, ధైర్యంగా ఉండండి అని. ఆ మాట ఎంత తేలికో, బయట నిలబడ్డవాళ్లకి ఎంత బరువో, చెప్పే చోటు నుంచి తెలియదు. పన్నెండూ పదహారు. గూడ్సు బండి ఇంకా రాలేదు. గేటుకి ఇవతల బస్సు, అవతల బస్సు, మధ్యలో ఖాళీ పట్టాలు ఎండకి మెరుస్తున్నాయి. దిగి నడిస్తే? ఎనిమిది కిలోమీటర్లు. పరుగెడితే? ఈ మోకాళ్లతోనా. అవతల ఆటో దొరికితే? అవతలి ఆటోలన్నీ ఇటు ముఖం పెట్టి ఒకదాని వెనకొకటి ఇరుక్కున్నాయి, తిప్పడానికి వీల్లేదు. అయినా దిగబోయింది. బస్సు డ్రైవరు, గేటు ఇప్పుడే లేస్తుందమ్మా, దిగితే మళ్లీ ఎక్కనివ్వను అన్నాడు. కూర్చుంది. లేచింది. కూర్చుంది. పక్కావిడ వక్కపొడి డబ్బా మూత పెట్టేసి, ఏమ్మా కడుపులో బాగాలేదా అని అడిగింది. బాగాలేదండి అంది.

ఆ రోజు కూడా బల్ల దగ్గరే. కాఫీ కలుపుతూ అక్క చెబుతోంది. "పేరు వేరు, వస్తువు వేరు. ఒకే వస్తువుకి ఆరు పేర్లు పెట్టొచ్చు. ఇక్కడే కొత్తవాళ్లందరూ—" అని, చెంచా జారవిడిచింది. చెంచా బల్ల మీద పడి, నేల మీద పడి, దొర్లి పొయ్యి కిందికి పోయింది. అక్క దాన్ని చూడలేదు. పెదవి ఒక పక్క కిందికి జారుతోంది, అచ్చం చెంచాలాగే, ఎవరూ పట్టుకోకుండా. నర్సుగా చేయాల్సిందంతా చేసింది తను, గడియారం చూసింది, చేతులు ఎత్తమంది, నవ్వమంది, రెండు నిమిషాల్లో అంబులెన్సుకి చెప్పింది, డాక్టరు మెచ్చుకున్నాడు కూడా. శిష్యురాలిగా ఆ వాక్యం మిగతా సగం ఏమిటో వెతకడం మాత్రం మర్చిపోయింది. ఇక్కడే కొత్తవాళ్లందరూ ఏమవుతారు? ఏమవుతారో ఇప్పుడు తెలుస్తోంది, బస్సులో, రెండు నెలల తర్వాత, ఒక చిన్నపిల్ల నోట. అక్కకి కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. ఎడమ చెయ్యి మిగిలింది. కళ్లు మిగిలాయి. మొదటి గదిలో, కిటికీ పక్కన మంచం.

కిందటి వారం ల్యాప్‌టాప్ తీసుకెళ్లి చూపించింది. చూడవే, నీ శిష్యురాలు ఇళ్లు కట్టేసింది, రోగికో క్లాసు, మందుకో క్లాసు, చీటీకో క్లాసు, క్లాసుకి క్లాసు, ఫస్టు క్లాసు అని వాగింది. అక్క చదివింది. కళ్లు వరస వెంబడి వరస కిందికి దిగుతుంటే, పాత అక్కే, కళ్లజోడు పైకి తోయడం ఒక్కటే తక్కువ. ఒకచోట ఆగిపోయింది. ఎడమ చూపుడువేలు తెర మీద పెట్టింది. తీయలేదు. తను పేజీ జరపబోతే చెయ్యి పట్టుకుని ఆపింది, మళ్లీ అదే వరస మీద వేలు, ఈసారి గోరు తెల్లబడేలా నొక్కి. తర్వాత ల్యాప్‌టాప్‌ని మోచేత్తో నెట్టేసింది. కళ్లలో నీళ్లు. తను ఏమనుకుంది? అయ్యో, తన పని ఇప్పుడు ఇంకొకరు చేస్తుంటే చూడలేకపోతోంది, ఇరవై ఆరేళ్ల విద్య కదా, నేనెంత మొద్దుని అనుకుంది. ముద్దు పెట్టుకుంది. ఇంకెప్పుడూ ఆమె ముందు ఆ డబ్బా తెరవకూడదని ఒట్టు పెట్టుకుంది. ఎంత మంచి చెల్లెలు. ఏ వరస మీద పెట్టింది వేలు? గుర్తు తెచ్చుకో. పైనుంచి నాలుగోదా, అయిదోదా. రోగి క్లాసు కింద. కింద అంటే? రోగుల్ని పుట్టించే చోట. గిన్నెలు పంచే చోట. ఆ చోటే. ఆ వరసే. ఆమెకి వాక్యం మిగతా సగం ఇంకా ఉంది, నోరొక్కటే లేదు. చేత్తో చెప్పింది, నర్సు దాన్ని లక్షణంగా చదివింది, మాటగా చదవలేదు. చెయ్యి పెట్టకు, అడుగు. ఏం కావాలక్కా, ఎందుకు చూపిస్తున్నావని అడిగిందా? రెండు నెలలుగా దుప్పటి కప్పింది, దిండు మార్చింది, నోరు తుడిచింది, బిళ్ల వేసింది. ఒక్కటి అడిగిందా.

గూడ్సు బండి వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది, లెక్కపెట్టకుండా ఉండలేక. ప్రతి పెట్టె మీదా వేరే నంబరు, ప్రతి పెట్టెలోనూ దాని సరుకే, ఇంత పెద్ద ఇనుప మొద్దుకే ఉన్న జ్ఞానం తనకి లేకపోయింది. ముప్ఫై ఏడో పెట్టె దగ్గర పన్నెండూ ఇరవై తొమ్మిది. నలభై ఒకటో పెట్టె దగ్గర పన్నెండున్నర. ఇప్పుడు చిన్న సిస్టరు మీట నొక్కుతుంది. చీటీలు చరచరా వస్తాయి. ఆరూ ఒకేలా ఉన్నాయేమిటా అనుకుంటుంది. అనుకుని? పోయిన వారమే కదా ఆ పిల్లని నిలబెట్టి క్లాసు పీకింది, సంగీతం మాస్టారి చీటీ చూసి ఇది ఎక్కువేమో మేడమ్ అని అడిగినందుకు, చీటీలో ఉన్నది ఇవ్వు, బుర్రలో ఉన్నది ఇవ్వకు అని అందరి ముందూ. ఆ పిల్ల మెడ వంచుకుని సరే మేడమ్ అంది. ఆ మెడ ఇప్పుడు ఎత్తదు. రంగు రంగుల బిళ్లలు తొమ్మిది చిన్న కప్పులో పోస్తుంది. ఎటు వెళుతుంది ముందు? మింగడానికి ఆలస్యమయ్యేవాళ్ల దగ్గరికి ముందు వెళ్లాలి, ఇదీ తన రూలే. మొదటి గది. మిగిలిన అయిదుగురికీ నోరుంది. డ్రైవరు రోడ్డు మీద నోరు పెంచుకున్న మనిషి, టైలరమ్మ సరేసరి. వాళ్లు లేచి అరుస్తారు. అరవలేని ఒక్క మనిషి దగ్గరికే ఆ పిల్ల ముందు వెళుతుంది, తన రూలు చెయ్యి పట్టుకుని తీసుకెళుతుంది. ఎడమ అరచేతిలో పోస్తుంది. నీళ్ల గ్లాసు అందిస్తుంది. అక్క ఎప్పుడూ పేచీ పెట్టదు, మంచి పేషెంటు, అందరూ అంటారు. పెద్ద సిస్టరు కిటికీ ఊచ పట్టుకుంది. ఎండకి కాలిపోతోంది ఊచ, వదల్లేదు. దేవుడా అనలేదు. అమ్మా అనలేదు. అక్కా వద్దు, మింగకు, మింగకే, అని లోపల్లోపల, ఎనిమిది కిలోమీటర్ల అవతలికి, మాట లేని మనిషికి మాట పంపుతూ కూర్చుంది.

గేటు లేచింది. ఆ తర్వాతి అరగంట ఆమెకి వరసగా గుర్తుండదు. మలుపులో పడిపోయిన సంచీ, ఎవరో అందించిన చెయ్యి, పెద్దాసుపత్రి స్టాపు, అక్కణ్నించి ఆటో, చిల్లర వద్దులే అన్న తన గొంతు, గేటు, గులకరాళ్లు, మెట్లు. గుమ్మంలో చిన్న సిస్టరు నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉతికి పిండిన గుడ్డలా ఉంది. వెనక హాల్లోంచి డ్రైవరు గొంతు వినిపిస్తోంది, రెండు మింగేవాడికి తొమ్మిదిస్తారా, నేను మనిషినా మందులకొట్టునా అని ఇంకా చల్లారలేదు. కప్పు తన దగ్గరికి రాగానే ఆయన లెక్కపెట్టి లేచాడుట. టైలరమ్మ ఫోను పెట్టేసి, నా కొలత నాకు తెలుసు, ఇది ఇంకెవరిదో చొక్కా అందిట. బేకరీ ఆయన, ఈత పిల్ల, మాస్టారు, ఎవరికి వాళ్లు నాది ఇదొక్కటే, నావి ఈ రెండే అని వేరుచేసి చూపించారుట. అప్పుడు గానీ ఆ పిల్లకి తప్పు తెలియలేదు, అప్పుడు గానీ ఖాళీ అయిన ఇంటి ఫోను అందుకుని అంబులెన్సుకి చెప్పలేదు. ఇదంతా పెద్ద సిస్టరు నడుస్తూనే విన్నది, విననిది ఒక్కటే.

"మొదటి గదిలో అప్పటికే ఇచ్చేశాను మేడమ్. తొమ్మిదీ. నీళ్లు కూడా తాగారు."

గది తలుపు తీసేసరికి కిటికీలోంచి వెలుతురు మంచం మీద సగానికి పడి ఉంది. అక్క కళ్లు తెరిచే ఉన్నాయి. కళ్లలోకి చూసింది, రెండు పాపలూ సమానం. ముఖం చూసింది, జారిన పక్క జారినట్టే, కొత్తగా ఏమీ లేదు. నాడి చూద్దామని ఎడమ చెయ్యి కోసం దుప్పటి కింద వెతికింది. చెయ్యి పిడికిలి పట్టి ఉంది. తియ్యబోతే తియ్యనివ్వలేదు. అప్పుడు అక్క తనంత తానే, ఒక్కో వేలూ, ఎంతో నెమ్మదిగా విప్పింది. చెమటకి కరిగి, అతుక్కుని, రంగులు కలిసి, అరచెయ్యంతా పిల్లలు బొమ్మలేసిన పలకలా ఉంది. పెద్ద సిస్టరు మోకాళ్ల మీద కూర్చుని గోరుతో ఒక్కొక్కటీ తీసి స్టీలు ట్రేలో పెట్టింది. గుండ్రటి తెల్లది. గులాబీ గొట్టంబిళ్ల, నొక్కుకుపోయింది. ఆకుపచ్చది. చిన్న తెల్లవి, ఒకటి, రెండు. నీలం. పొడుగు తెల్లది. ఏడు. అరచెయ్యి ఖాళీ. చూపుడువేలి మొదట్లోంచి మణికట్టు దాకా ఎర్రటి చార, కెంపురంగు చార, బిళ్ల లేదు. మళ్లీ లెక్కపెట్టింది. ఏడు. దుప్పటి దులిపింది. దిండెత్తింది. మంచం కింద వంగి చూసింది, పట్టీ చెప్పుల జోడు, దుమ్ము, ఇంకేమీ లేదు. చెవుల్లో రైలు పెట్టెలు పరుగెడుతున్నాయి. అక్క అరచెయ్యి తిప్పింది. చిటికెనవేలికీ ఉంగరపువేలికీ మధ్య సందులో, సగం కరిగి, చర్మానికి అంటుకుని, ఎర్ర బిళ్ల. తీసి ట్రేలో పెడితే అది టింగుమని మోగింది.

ఎనిమిది. తొమ్మిదిలో ఎనిమిది. ఏది లేదో తెలుసు. అయినా మూడుసార్లు రంగు రంగూ వెతికింది, పసుపుపచ్చ లేదు. మింగిందా, జారిపోయిందా, చిన్న ముక్క కదా, అర ముక్క, కరిగిపోయిందేమో. అక్క నోరు తెరిచి వేలు పెట్టి చూడబోయింది, నర్సు చెయ్యి, అలవాటు. సగంలో ఆ చెయ్యి ఆగింది. వెనక్కి తీసుకుంది.

"నీది నువ్వు వేసుకున్నావా, అక్కా?"

చిన్నప్పుడు నాన్న తనకి క్లాసు పీకుతుంటే ఆయన వీపు వెనక నిలబడి అక్క చేసే పని ఒకటుండేది. అరవై దగ్గరపడుతున్న ముఖంలో, ఒక పక్క మాత్రమే కదిలే ముఖంలో, ఆ పనికి కావలసిన కండరాలు కూడుకోవడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత నాలుక చాపింది. అది కుడి పక్కకి వాలి, వంకరగా, పూర్తిగా బయటికి వచ్చింది. దాని మధ్యలో పసుపుపచ్చటి మరక.